పన్నెండు పాటలు, 48 నిమిషాలు: క్లిప్స్ ‘హెల్ హాత్ నో ఫ్యూరీ’ సీడీ, ఏళ్ల తరబడి విన్నాక

ముందు తీర్పు. ర్యాప్ సీడీలు కొనే అలవాటున్న ఎవరి దగ్గరైనా ఉండాల్సిన ఆల్బం ఇది. పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది, ఎన్నిసార్లు తిప్పినా అరగదు. కానీ బూతులు తీసేసిన ‘క్లీన్’ కాపీ మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా వద్దు. ఎందుకో కింద చెబుతాను.

క్లిప్స్ అంటే పుషా టీ, మాలిస్. వర్జీనియా బీచ్‌లో పెరిగిన అన్నదమ్ములు. ఈ ఆల్బం 2006 నవంబర్ 28న వచ్చింది. అంతకు ముందుది ‘లార్డ్ విల్లిన్’, 2002 ఆగస్టు 20న. మధ్యలో నాలుగేళ్ల మూడు నెలలు. ర్యాప్‌లో నాలుగేళ్లంటే చాలా కాలం. ఈలోగా శైలులు మారిపోతాయి, రేడియోవాళ్లు పేరు మర్చిపోతారు. ఆ ఆలస్యానికీ ఈ సీడీ నిడివికీ ధరకీ సంబంధం ఉంది కాబట్టి మూడూ కలిపే చూడాలి.

మన సినిమా ఆడియోకి అలవాటుపడ్డ చెవికి పన్నెండు పాటలు ఎక్కువే. క్యాసెట్ రోజుల్లో ఒక సినిమాకి ఐదారు పాటలు, అరగంట. రెండో వైపు వేరే సినిమా వేసి అమ్మేవాళ్లు. అమెరికా ర్యాప్ లెక్క వేరు. 1994లో నాస్ ‘ఇల్‌మాటిక్’ పది ట్రాకులతో నలభై నిమిషాల లోపే ముగిసింది. ఆ తర్వాత సీడీలో ఉన్న చోటంతా నింపడం మొదలైంది. మామూలు సీడీలో 74 నిమిషాలు పడతాయి, ఒత్తిడి చేస్తే 80. డబ్బు పెట్టి కొన్నవాడికి ‘నిండుగా’ అనిపించాలని డెబ్బై నిమిషాలు దాటించేవాళ్లు. చాలకపోతే పాటల మధ్య మాటల స్కిట్లు. 1996లో టూపాక్ ‘ఆల్ ఐజ్ ఆన్ మీ’ రెండు డిస్కులు, 27 పాటలు. 1997లో బిగ్గీ ‘లైఫ్ ఆఫ్టర్ డెత్’ కూడా రెండు డిస్కులే. దాని వెనక అమ్మకాల లెక్క కూడా ఉంది. మొత్తం నిడివి వంద నిమిషాలు దాటిన రెండు డిస్కుల సెట్టు ఒకటి అమ్ముడైతే అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం దాన్ని రెండు యూనిట్లుగా లెక్కగడుతుంది. అమ్మకాల మైలురాయికి ఇచ్చే ప్లాటినం ఫలకం సగం దారిలోనే చేతికొస్తుంది.

ఆ వరదలో 48 నిమిషాల సీడీ అంటే తెగింపు. ఇందులో స్కిట్లు లేవు. ‘ఇంట్రో’ అని రాసిన మొదటి ట్రాక్ కూడా పూర్తి పాటే. నిర్మాతలు, అంటే మాట కింద నడిచే సంగీతం (బీట్లు) చేసేవాళ్లు, మొత్తానికి ఒక్క జంటే: నెప్‌ట్యూన్స్, అంటే ఫారెల్ విలియమ్స్, చాడ్ హ్యూగో. పది మంది నిర్మాతల దగ్గర పది బీట్లు కొని కుట్టిన బొంతలా ఉండదు. మొదటి డ్రమ్ దెబ్బ నుంచి చివరి దాకా ఒకే గదిలో కూర్చున్నట్టుంటుంది.

బీట్లు ఎముకల గూడులా ఉంటాయి. ‘మిస్టర్ మీ టూ’లో డ్రమ్, ఒక సింథ్ (సింథసైజర్) గీత, మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీలోనే మాట నిలబడుతుంది. రెండో ట్రాక్‌లో అకార్డియన్ లాంటి మూలుగు, నాలుగో ట్రాక్ ‘వాంప్ వాంప్’లో స్టీల్ డ్రమ్ములు. వేరే ఎవరి చేతిలోనైనా స్టీల్ డ్రమ్ పండగలా మోగుతుంది, ఇక్కడ రేకుల షెడ్డు మీద ఎవరో కొడుతున్నంత భయంగా ఉంటుంది. విషయం మొదటి నుంచి చివరి దాకా కొకైన్ వ్యాపారమే. అది తెలిసే కొనండి. అయితే డాబు ఎంత ఉందో లోపల కుళ్లు అంత ఉంది. మాలిస్ వెర్సుల్లో (చరణాల్లో) అపరాధభావం మొదటి పాటల నుంచే కనబడుతుంది. చివరి పాట ‘నైట్‌మేర్స్’లో గాయకుడు బిలాల్ గొంతు వచ్చేసరికి ఆ డాబంతా నిద్రపట్టని భయంగా మారిపోతుంది. ఆ పాట చివరన ఉండటం వల్లే దానికి అంత బరువు. షఫుల్‌లో వింటే సగం పోతుంది.

లోపాలూ ఉన్నాయి. పదో ట్రాక్ ‘ట్రిల్’ హుక్ (మళ్లీ మళ్లీ వచ్చే పల్లవి) మీద మరీ ఎక్కువ ఆధారపడింది. సింథ్ బాగున్నా పాట కదలదు. ఆరోది ‘డర్టీ మనీ’ మిగతావాటి పక్కన పలచన. ఈ రెండూ తీసేస్తే పది పాటల ఆల్బం అయ్యేది, ఇంకా పదునెక్కేది. మాస్టరింగ్ (సీడీ కొట్టే ముందు ధ్వనికి చేసే చివరి పని) ఆ కాలపు అలవాటు ప్రకారం గట్టిగా నొక్కి చేసిందే. మంచి హెడ్‌ఫోన్‌లో వాల్యూమ్ పెంచితే కిక్ డ్రమ్ అంచుల దగ్గర బిగుసుకుపోయినట్టు వినిపిస్తుంది. స్ట్రీమింగ్‌లో వాల్యూమ్ సమం చేసే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే శబ్దం తగ్గుతుంది, కానీ ఆ బిగుతు పోదు. అది మాస్టర్‌లోనే ఉంది.

ఇక ఆలస్యం సంగతి. రెండో ఆల్బం పని 2003 చివర్లో మొదలైంది. క్లిప్స్ అప్పుడు అరిస్టా లేబుల్ (రికార్డు కంపెనీ) కింద, నెప్‌ట్యూన్స్ సొంత లేబుల్ స్టార్ ట్రాక్ ద్వారా ఉన్నారు. 2004లో సోనీ, బీఎంజీ కలిసిపోయాయి. అరిస్టా చెదిరిపోయి అక్కడి కళాకారులు జైవ్ కిందికి వెళ్లారు. నెప్‌ట్యూన్స్ మాత్రం స్టార్ ట్రాక్‌ని ఇంటర్‌స్కోప్‌కి తీసుకెళ్లారు. ఒప్పందం ప్రకారం క్లిప్స్ జైవ్‌లోనే ఉండిపోయారు. పాప్ పాటలతో నడిచే సంస్థలో బీట్లే లేనట్టుండే కొకైన్ ర్యాప్ ఎవరికి కావాలి? తేదీలు జరుగుతూ పోయాయి. ఒప్పందం నుంచి తమని వదిలేయమని అడిగారు, కుదరలేదు, కోర్టుకెళ్లారు. 2006 మే నెలలో రాజీ కుదిరింది. వాళ్ల సొంత రీ-అప్ పేరుతో పాటు జైవ్ పేరు కూడా వెనక అట్ట మీద ఉండటానికి కారణం అదే.

ఇలాంటి ఇరుకు ఎలా వస్తుందో తెలిస్తే చాలా ర్యాప్ ఆల్బంల కథ అర్థమవుతుంది. పెద్ద లేబుల్ ఒప్పందం సాధారణంగా సంవత్సరాల్లో ఉండదు, ఆల్బంల్లో ఉంటుంది. ఒక ఆల్బం ఖాయం, తర్వాతివి లేబుల్ ఇష్టం. ఆల్బం ఇచ్చి, అది విడుదలై, కొన్ని నెలలు గడిస్తేనే తర్వాతి లెక్క మొదలవుతుంది. లేబుల్ విడుదల చేయకపోతే గడియారం ఆగినట్టే. ఈలోగా వేరే చోట సొంత పేరుతో ఆల్బం వేయడానికి వీల్లేదు. సంతకం చేయించిన మనిషి ఉద్యోగం మారినా, సంస్థ ఇంకోదాంట్లో కలిసినా కాగితం మాత్రం కొత్త యజమాని చేతికి వెళుతుంది. కొత్తాయనకి ఆ ఆల్బం మీద ప్రేమ ఉండాల్సిన పని లేదు.

క్లిప్స్ దీనికి వెతుక్కున్న దారి మిక్స్‌టేపులు. 2004, 2005లో ‘వీ గాట్ ఇట్ ఫర్ చీప్’ మొదటి రెండు భాగాలు వచ్చాయి. వేరేవాళ్ల హిట్ బీట్ల మీద వీళ్ల వెర్సులు. రెండో భాగం చాలామంది అభిమానులకి ఈ ఆల్బంకన్నా ఇష్టం. పేరు నిలబడింది, పదును పెరిగింది, కానీ రాయల్టీ లేదు. పైగా ఇంటర్నెట్‌లో ఊరికే వినడం అలవాటైనవాళ్లు షాపుకి రావడం తగ్గింది. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఊరికే అనలేదు. అమెరికా ఆల్బంల చార్టు బిల్‌బోర్డ్ 200లో మొదటి ఆల్బం 4వ స్థానంలో దిగితే ఇది 14లో దిగింది. విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారు, ఎక్స్ఎక్స్ఎల్ పత్రిక తన అత్యున్నత రేటింగ్ ఇచ్చింది. షాపులో మాత్రం ఆ ఊపు కనపడలేదు.

నిడివి విషయంలో వినేవాళ్లకి కనపడని లెక్క ఇంకోటుంది. అమెరికాలో 2006లో ఒక పాట రాసినవాళ్లకి, పాట ఐదు నిమిషాల లోపుంటే, కాపీకి 9.1 సెంట్లు చట్టబద్ధమైన రేటు. 12 పాటలకి 109.2 సెంట్లు రావాలి. కానీ ఒప్పందాల్లో ‘కంట్రోల్డ్ కంపోజిషన్’ అనే క్లాజు సర్వసాధారణం. ఆ రేటులో 75 శాతమే, అదీ పది పాటలకే. అంటే ఆల్బంలో పన్నెండున్నా ఇరవై ఉన్నా మొత్తం 68.25 సెంట్లు. పన్నెండు పాటలకి పంచితే పాటకి 5.7 సెంట్లు కూడా రావు. బీట్ చేసినవాళ్లది అందులోనే సగం. పాత పాట ముక్క శాంపిల్ చేస్తే దాని యజమాని పూర్తి రేటు అడుగుతాడు. ఆ తేడా ర్యాపర్ వాటాలోంచి పోతుంది. సీడీ నింపడానికి ఇరవై పాటలు పెట్టిన కొత్త ర్యాపర్ చివర్లో అప్పులో తేలేది ఇక్కడే.

కొనేవాడి వైపు లెక్క ఇది. ఆ రోజుల్లో పెద్ద లేబుల్ సీడీ స్టిక్కర్ ధర 18.98 డాలర్ల దాకా ఉండేది. ఈ 48 నిమిషాలకి అది నిమిషానికి సుమారు 40 సెంట్లు. విడుదలైన వారంలో పెద్ద చెయిన్ షాపులు జనాన్ని లోపలికి రప్పించడానికి కొత్త సీడీలు పది డాలర్ల చుట్టుపక్కల అమ్మేవి. డౌన్‌లోడ్ ఆల్బం మామూలుగా 9.99. అంటే నిమిషానికి 21 సెంట్లు. అయినా నిమిషాల లెక్కన ర్యాప్ ఆల్బం విలువ కట్టడం తప్పు పద్ధతి. 78 నిమిషాల సీడీలో ప్రతిసారీ దాటేసే ఏడు పాటలుంటే ఆ నిమిషాలకి కూడా మీరే డబ్బు కట్టారు. పదేళ్ల తర్వాత ఎన్ని పాటలు దాటేయకుండా వింటున్నారో చూడండి. ఇందులో పది. ఇదే పుషా టీ 2018లో ‘డేటోనా’ని ఏడు పాటలు, 21 నిమిషాలతో వదిలాడు. దాంట్లో దాటేసేది ఒక్కటీ లేదు.

ధర విషయంలో ర్యాపర్ నిప్సీ హసిల్ చేసింది గుర్తుంచుకోదగ్గది. 2013 అక్టోబర్‌లో ‘క్రెన్‌షా’ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టి, అదే సీడీని వెయ్యి కాపీలు మాత్రమే కొట్టి ఒక్కోటి వంద డాలర్లకి అమ్మాడు. అన్నీ అయిపోయాయి. అందులో వంద కాపీలు జే-జీ కొన్నాడు. లేబుల్ మధ్యలో లేకుండా లక్ష డాలర్లు. అందరికీ చెల్లే పద్ధతి కాదు, ముందు ఊళ్లో జనం మన వెనక ఉండాలి.

ఇప్పుడు సీడీ కొనేవాళ్లకి. వెనక అట్ట మీద ‘ఎడిటెడ్’ అని ఉందేమో చూడండి. వాల్‌మార్ట్ లాంటి చోట్ల క్లీన్ కాపీలే అమ్మేవాళ్లు, అవే ఇప్పుడు పాత సీడీల అంగళ్లలో చౌకగా తిరుగుతుంటాయి. మత్తుమందు పేర్లు, బూతులు అన్నిచోట్లా మూగబోతాయి. ఇలాంటి రచనలో ప్రాస ఆ మాటల మీదే పడుతుంది కాబట్టి పాట కుంటుతుంది. ముందు అట్ట మీద నలుపు తెలుపుల ‘పేరెంటల్ అడ్వైజరీ’ గుర్తుంటే అసలుది. బార్‌కోడ్‌కి చిల్లు పడిందో, పెట్టె అంచు కోసి ఉందో అయితే అది ప్రచారానికి పంచిన కాపీనో, మిగిలిపోయి తగ్గింపుకి వదిలిన సరుకో. ధ్వనిలో తేడా ఉండదు, ధర మాత్రం తగ్గించి అడగండి. మ్యూజిక్ క్లబ్ ముద్రణల మీద ‘డి’ అక్షరంతో మొదలయ్యే అదనపు నంబర్ ఉంటుంది. అవీ పర్వాలేదు.

గీతల కోసం డిస్కు మెరిసే వైపొక్కటే చూడకండి. బొమ్మ ఉన్న వైపు లోతు గీతలు ఎక్కువ ప్రమాదం. సమాచారం ఉన్న పొర ఆ వైపు లక్క కిందే ఉంటుంది, అది లేస్తే బాగుచేయడం కుదరదు. దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదిమొన చిల్లులు కనిపిస్తాయి. కనపడితే వదిలేయండి. వాడిన కాపీకి పాత స్టిక్కర్ ధర దాటి పెట్టక్కర్లేదు.

కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాంతో, తప్పులు సరిచూసుకునే సెక్యూర్ మోడ్‌లో, ధ్వని నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్‌లోకి. సీడీ ధ్వని నిమిషానికి పదిన్నర ఎంబీ కాబట్టి కుదించకుండా ఈ ఆల్బం 500 ఎంబీ పైచిలుకు. ఫ్లాక్‌లో అందులో మూడింట రెండొంతుల దగ్గర అవుతుంది. 2005 నాటి సోనీ బీఎంజీ సీడీలు కూడా ఎక్కిస్తుంటే విండోస్‌లో ఆటోరన్ (డిస్కు పెట్టగానే దానంతటదే నడవడం) ముందే ఆపేయండి. ఆ ఏడాది కొన్ని సీడీల్లో కాపీ రక్షణ పేరుతో చెప్పకుండా కంప్యూటర్‌లో దాక్కునే ప్రోగ్రాం పెట్టారు, గొడవై వెనక్కి తీసుకున్నారు. ఆ డిస్కులు పాత అంగళ్లలో ఇంకా దొరికే అవకాశం ఉంది.

వినైల్ (గ్రామఫోన్ ప్లేట్లు) ఇష్టపడేవాళ్లు 48 నిమిషాలని ఒకే ప్లేటు మీద ఊహించుకోకండి. వైపుకి 24 నిమిషాలంటే ప్లేటు మీది గాడులు ఇరుకై, బేస్ తగ్గించి, శబ్దం చిన్నగా కోయాలి. బేస్ లేకపోతే ఈ బీట్లలో మిగిలేదేమీ లేదు. రెండు ప్లేట్ల మీద, వైపుకి మూడు పాటల చొప్పున ఉన్నదే తీసుకోండి.

స్ట్రీమింగ్‌లో ఈ ఆల్బం ఉంది. అక్కడ నిడివి లెక్క మళ్లీ తిరగబడింది. 30 సెకన్లు వింటే ఒక ప్లే. 2018 జూలైలో బిల్‌బోర్డ్ తెచ్చి 2025 చివరి దాకా నడిపిన లెక్కలో చందాదారుల ప్లేలు 1,250 అయితే ఒక ఆల్బం అమ్మినట్టు. ఆ లెక్కన పన్నెండు పాటల ఆల్బం దాదాపు 104 సార్లు పూర్తిగా వింటే ఒక కాపీ అయ్యేది. పాతిక పాటలైతే యాభై సార్లు సరిపోయేది. ఆ ఏడాదే మిగోస్ ‘కల్చర్ 2’ 24 పాటలతో, డ్రేక్ ‘స్కార్పియన్’ 25 పాటలతో రావడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. చిన్న ఆల్బం వేసేవాడు చార్టులో నష్టపోతానని తెలిసే వేస్తాడు. అందుకే వాటి మీద గౌరవం.

క్లిప్స్ 2009 డిసెంబర్‌లో కొలంబియా లేబుల్ ద్వారా ‘టిల్ ద కాస్కెట్ డ్రాప్స్’ వేశారు. నెప్‌ట్యూన్స్‌తో పాటు వేరే నిర్మాతలూ చేరారు, ఆ బిగువు జారిపోయింది. తర్వాత 2025 జూలై 11న ‘లెట్ గాడ్ సార్ట్ ఎమ్ అవుట్’. 13 పాటలు, 41 నిమిషాల లోపు, నిర్మాత మొత్తం ఫారెల్ ఒక్కడే. దీనికీ లేబుల్ గండం తప్పలేదు. ఒక పాటలో ర్యాపర్ కెండ్రిక్ లమార్ వెర్స్ మీద వాళ్ల లేబుల్ డెఫ్ జామ్ అభ్యంతరం చెబితే, వెర్స్ తీయకుండా డబ్బు కట్టి బయటికొచ్చి రాక్ నేషన్ ద్వారా విడుదల చేశారని పుషా టీ వైపువాళ్లే చెప్పారు. బిల్‌బోర్డ్‌లో 4వ స్థానంలో దిగింది, సరిగ్గా ‘లార్డ్ విల్లిన్’ దిగిన చోట. రెండూ వరసగా వినాలనుకుంటే పాతది ముందు పెట్టండి. ‘నైట్‌మేర్స్’ అయిపోయాక కొత్తదాని మొదటి పాటలో అన్నదమ్ములిద్దరూ పోయిన తల్లిదండ్రుల గురించి మాట్లాడతారు. మధ్యలో పందొమ్మిదేళ్లున్నట్టు అనిపించదు.