పల్లెను పల్లి చేసిన కీబోర్డు

నా ఫోన్‌లోని కీబోర్డుకు ‘పల్లె’ అనే మాట గిట్టదు. ఏడేళ్లుగా దాంతో కాపురం చేస్తున్నాను కాబట్టి చెప్పగలను. తిరుపతిలో పెళ్లికార్డులు కంపోజ్ చేసే చిన్న డీటీపీ షాపు నాది. నోటితో చెప్పి టైప్ చేయించడం, తెర మీద వేలితో అక్షరాలు రాయడం రెండూ రోజూ వాడతాను. ఏ కంపెనీదో చెప్పను, ఫోన్‌తో పాటు వచ్చిందే. ఎలా ఆన్ చేయాలో, ఎన్ని భాషలున్నాయో మీకు తెలిసిందే.

కొత్తల్లో కనిపించినవాళ్లందరికీ ఊదరగొట్టాను, ఇక టైపింగు నేర్చుకునే పనే లేదని. డీటీపీ వాళ్లు వాడే అను ఫాంట్లలో, ఆపిల్ లేఅవుట్ అనే మీటల అమరిక మీద ఏళ్ల తరబడి కొట్టిన వేళ్లకు అది పండగే మరి. ‘తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి’ అని చదివితే చాలు, గుక్క తిప్పుకునేలోపు తెర మీద పడేది. ఇప్పటికీ పడుతుంది. కాకపోతే ఆ వాక్యాలు అన్ని కార్డుల్లోనూ ఒకటే, ఎలాగూ పాత ఫైలు నుంచి తెచ్చుకునేవే. కార్డుకూ కార్డుకూ మారేవి పేర్లు, ఊర్లు. అది బోర్లాపడేది అక్కడే.

తవణంపల్లె వైపు నుంచి ఒకాయన కూతురి పెళ్లికార్డుకు వచ్చాడు. ప్రూఫ్ అంతా వేలు పెట్టి చదివి, “సరిపోయింది సామీ, కొట్టెయ్” అని వెళ్లాడు. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్. ఆహ్వానించువారిలో పెద్దబావ పేరు మరిచిపోయారట. అప్పటికే సిస్టమ్ ఆపేశాను. ఆ లైను ఊరితో సహా ఫోన్ కీబోర్డుకే చెప్పి, దాన్నే తెచ్చి కార్డులో పెట్టి, ప్రింటింగుకు పంపాను. చెబుతున్నప్పుడు ‘తవణంపల్లె’ అని సరిగ్గా పడటం నా కళ్లతో చూశాను. తర్వాతి మాట అందుకునేసరికి అది వెనక్కి వెళ్లి ‘తవనంపల్లి’ అని దిద్దుకుంది. ణ పోయింది, ఎత్వం పోయింది. నేను మళ్లీ చూడలేదు. 300 శివకాశి కార్డులు, ఒక్కోటి 14 రూపాయలు.

“ఏం సామీ, పల్లెలో పుట్టినోళ్లం, మమ్మల్ని పల్లి చేసినావే! మా వియ్యంకుళ్లు వేలూరోళ్లు. వాళ్ల తమిళంలో పల్లి అంటే ఏందో తెలుసునా? బల్లి!” అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు గానీ పక్కనున్న వాళ్లావిడ నవ్వలేదు. శుభమా అని పెళ్లి చేస్తుంటే కార్డులో బల్లి పడటమేంటని ఆమె బాధ. కంచికి పోయి బంగారు బల్లిని తాకి రావాల్సింది నిజానికి నేను. 4,200 రూపాయల కార్డులు మళ్లీ కొని, కొట్టించి ఇచ్చాను.

తర్వాత నాకు తెలిసొచ్చింది ఏంటంటే, అది విన్నది రాయదు. విన్నదానికి దగ్గరగా, తను ఎక్కువసార్లు చూసిన మాట రాస్తుంది. పల్లి అని రాసే ఊర్లు మా సీమ అవతల ఎక్కువ, పల్లె మా సీమ వాడుక. ఓట్ల లెక్కలో మేం ఓడిపోయాం. పర్సనల్ డిక్షనరీలో ఊర్ల పేర్లన్నీ ఎక్కించాను. టైప్ చేసేటప్పుడు పనికొచ్చింది. నోటితో చెప్పేటప్పుడు మాత్రం దాని దారి దానిదే.

వేలితో రాసేదాన్ని మొదట్లో ఆటబొమ్మ అనుకున్నాను. దాని మీద నాకు నమ్మకం కుదిర్చింది జ్ఞానప్రసూనాంబ. శ్రీకాళహస్తి వైపు కార్డులకు పైన ఆ అమ్మవారి పేరు ఉండాల్సిందే. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను మింగలేక ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయని, తర్వాత అప్‌డేట్ ఇచ్చి సరిచేశారని చదివాను కాబట్టి కాస్త జంకుతూనే రాశాను. జ, దాని కింద ఞ వత్తు, పక్కన దీర్ఘం. ఒక్క దెబ్బకు వచ్చింది. ఇంకోసారి ముందే దీర్ఘం పెట్టి వత్తు చివర్లో గీశాను, అయినా పట్టేసింది. కీబోర్డు మీదైతే దానికి నాలుగు మీటలు, వరుస తప్పకూడదు.

అలాగని చేతిరాత బాగాలేనివాళ్లు ఆశ పెట్టుకోకండి. తలకట్టు అతుక్కుంటే వ, విడిగా ఉంటే ప. తొందరలో నేను అతికించేస్తాను. వడమాలపేట ఎన్నిసార్లు ‘వడమాలవేట’ అయిందో లెక్కలేదు.

సిస్టమ్‌లో మాత్రం ఇవేవీ వాడను. అక్కడ నాకు నచ్చింది ఒక్కటే, విండోస్‌లో దిద్దే పద్ధతి. ‘శ్రీ’ లోపల నాలుగు ముక్కలుంటాయి. బ్యాక్‌స్పేస్ కొడితే చివరి గుడిదీర్ఘం ఒక్కటే పోయి ‘శ్ర’ మిగులుతుంది, డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. గుణింతం తప్పు దిద్దడానికి ఇంతకంటే ఏం కావాలి.

వాట్సాప్‌లో మాట్లాడుకునేవాళ్లకు నోటి టైపింగు చాలు, నాకున్న పగ వాళ్లకు ఉండక్కర్లేదు. ఊరి పేరు తప్పితే డబ్బు కట్టాల్సిన పని నాది కాబట్టి, మామూలు వాక్యాలు నోటితో, పేర్లు వేలితో. ప్రింటుకు పంపేముందు ‘పల్లి’ అని వెతికి, ఉన్నవన్నీ ఒకేసారి ‘పల్లె’గా మార్చేస్తాను. మొన్న ఒక హోటల్ మెనూకూ అలవాటుగా అదే చేశాను. ఇడ్లీ పక్కన పల్లె చట్నీ అని పడింది.