పెరట్లో నీటిధార: చప్పుడు అద్భుతం, బోరు నీళ్లతోనే తంటా

పెరట్లో నీటి తొట్టి ఉన్నవాళ్లు ఎక్కువగా దాని అందం గురించి చెబుతారు. నాకు దాని చప్పుడంటే ప్రాణం. కొన్నేళ్లుగా వాడుతున్నా ఆ ఇష్టం తగ్గలేదు.

మాది హైదరాబాద్ బోడుప్పల్‌లో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉండే వీధి. వెనక కాస్త పెరడుంది. ప్రహరీ మీద వెదురు తడక కట్టించాం. పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీలకు కనపడకుండా పందిరేసి రాధామనోహరం పాకించాం. దాంతో చూపులు ఆగాయి గానీ మాటలు ఆగలేదు. పక్కింటి టీవీ సీరియల్, వాళ్ల ఫోన్లు అన్నీ మా కుర్చీల దగ్గరికే వచ్చేవి. మేమూ ఏం మాట్లాడుకోవాలన్నా గొంతు తగ్గించాల్సిందే. తొట్టి కట్టి, గోడలోంచి ముందుకొచ్చిన కడప బండ మీదుగా నీళ్లు పడేలా చేయించాక ఆ ఇబ్బంది పోయింది. పక్కింటి సందడి వినిపిస్తుంది కానీ ఎవరేం అంటున్నారో తెలియదు. మా మాటలూ వాళ్లకు అంతే.

ఆ చప్పుడు కుదరడానికి మేస్త్రీ చాలా తిప్పలు పడ్డాడు. ధార ఎత్తు నుంచి పడితే బాత్రూంలో కుళాయి వదిలేసినట్టుండేది, పైగా గోడంతా తుంపర్లు. బండను రెండడుగుల ఎత్తుకు దించి, ధార పడేచోట సగం మునిగేలా ఒక గుండ్రాయి పెట్టాక మెత్తటి గలగల వచ్చింది. కలువలను అవతలి మూలలో పెట్టాం, ఆకుల మీద అస్తమానం నీళ్లు పడితే వాటికి పడదు. దోమల బెడద లేకుండా గప్పీ చేపలు వేశాం. పిల్ల పురుగు కనపడితే చాలు, మింగేస్తాయి.

ఇక అసలు కథ. ఒక మే నెల సాయంత్రం అత్తయ్య “ధారలో పస తగ్గిందమ్మా, చూడు” అన్నారు. రెండ్రోజులకల్లా నీళ్లు ముందుకు దూకడం మానేసి బండ అంచు పట్టుకుని గోడ వెంట జారసాగాయి. చప్పుడు పూర్తిగా పోయింది. ఆ రాత్రి పక్కింటావిడ వాళ్లమ్మాయి సంబంధం గురించి ఫోన్లో మాట్లాడుతుంటే పొల్లుపోకుండా వినపడింది. మాటలు పెట్టుపోతల దగ్గరికి వచ్చేసరికి మేం లేచి లోపలికి వచ్చేశాం.

మర్నాడు తొట్టి నీళ్లను బండ మీదికి ఎక్కించే పంపు విప్పి చూస్తే, లోపల నీళ్లను నెట్టే చిన్న చక్రం (ఇంపెల్లర్) చుట్టూ తెల్లటి గార. గీజర్ కాయిల్‌కి పట్టేదే ఇదీ, గోటితో గీరితే రాదు. పంపు అమ్మిన షాపులో “కాలిపోయిందమ్మా, కొత్తది తీసుకోండి” అన్నారు. ఇంపెల్లర్ విడిగా అమ్మరట. నాకు ఒళ్లు మండింది. మోటారు తిరుగుతూనే ఉంది, మూసుకుపోయింది నీళ్లు వెళ్లే దారి. ఇంటికి తెచ్చి, బకెట్‌లో గోరువెచ్చటి నీళ్లు పోసి నిమ్మ ఉప్పు కలిపి విడి భాగాలు ముంచితే బుసబుసమని నురగ. రాత్రంతా నాననిచ్చి పొద్దున్నే పాత టూత్‌బ్రష్‌తో తోమితే నల్లటి ప్లాస్టిక్ బయటపడింది. కాలిపోయిందన్న ఆ పంపే ఇప్పటికీ నడుస్తోంది.

అయితే నెల తిరక్కుండానే మళ్లీ గార పట్టడం మొదలైంది. ఎండకు ఆవిరయ్యేది నీళ్లే, అందులోని కాల్షియం, ఉప్పులు తొట్టిలోనే ఉండిపోతాయి. తగ్గినంతా మళ్లీ బోరు నీళ్లతోనే నింపుతుంటే ప్రతి బకెట్‌తోనూ కొత్త ఉప్పు చేరుతుంది. వేసవి ముగిసేసరికి తొట్టి నీళ్లలో ఉప్పు బోరు నీళ్లలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువవుతుంది. ఈ సంగతి పంపు డబ్బా మీదా లేదు, డిజైన్ గీసిచ్చిన మనిషీ చెప్పలేదు. అదే నాకు పెద్ద కోపం.

ఇప్పుడు వారానికోసారి నాలుగో వంతు నీళ్లు తోడి మల్లెపాదులకు పోస్తాం. వాటి స్థానంలో మంజీరా నీళ్లు (మునిసిపల్ కుళాయి నీళ్లను ఇక్కడ అలాగే అంటాం), డ్రమ్ములో ఒకరోజు నిలవుంచి క్లోరిన్ పోయాక. వానాకాలంలో డాబా గొట్టాన్ని తొట్టిలోకి తిప్పుతాం, తొలి వానల మురికి మాత్రం బయటికి వదిలేస్తాం. వాన నీళ్లున్న నెలల్లో పంపు విప్పాల్సిన అవసరమే రావడం లేదు.

చప్పుడును ఇంతగా మెచ్చుకున్నాను గానీ, పెరట్లో ఉంటే గేటు బెల్లు వినపడదు. అత్తయ్యకు చెవులు కాస్త మందం, ధార నిండుగా ఉంటే నా మాట ఆవిడకు అందదు. ఇద్దరం కూర్చున్నప్పుడు వాల్వ్ సగానికి తిప్పేస్తాను. రాధామనోహరం పూలు రాలి పంపు స్పాంజికి అడ్డం పడతాయి, రోజూ ఏరాలి. పందిరి కుర్చీల వరకే ఉంటే నయం.

కరెంటు ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. 18 వాట్ల పంపు రోజంతా నడిచినా నెలకు 13 యూనిట్లు. ఆ లైనుకు 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) మాత్రం తప్పనిసరి, నీళ్లలో చేతులు పెట్టే చోటు కదా.

మళ్లీ కట్టించుకుంటావా అంటే, ఈ ఇంట్లో తప్పకుండా. పగలంతా అత్తయ్య ఇంట్లో ఉంటారు, మంజీరా లైను ఉంది, మల్లెలకు ఎలాగూ నీళ్లు కావాలి. బోరు తప్ప దిక్కులేని ఇంటికైతే వాననీళ్లకు ఏర్పాటు ఉంటేనే అంటాను. మా చెల్లెలు కూడా సరదా పడుతోంది గానీ వాళ్ల బాబు ఇంకా పాకుతున్నాడు. ఆ వయసుకు జానెడు లోతు నీళ్లూ ప్రమాదమే. వాడు పెద్దయ్యేదాకా ఆగమన్నాను. ఆగలేకపోతే డ్రమ్మును భూమిలో పాతి, జాలీ వేసి, పైన గులకరాళ్లు పరిచే రకం ఉంది, నీళ్లు పైన నిలవవు. దాని చప్పుడు పక్కింటి మాటలను ఆపుతుందో లేదో వాళ్లింట్లో పెట్టాక విని చెబుతాను.