ఒక్కరిగా లొంగిపోవడమా, అందరూ కలిసి ఆయుధాలు దించడమా: ఏది మేలు?

తీవ్రవాద సంస్థల్లో చేరినవారు హింసను ఎందుకు విడిచిపెడతారన్న ప్రశ్న తిరుపతివాసులకు దూరపు సంగతి కాదు. 2003 అక్టోబరు 1న, బ్రహ్మోత్సవాల్లో శ్రీవారికి పట్టువస్త్రాలు సమర్పించేందుకు కొండకు బయలుదేరిన నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి వాహనశ్రేణిపై నక్సలైటు సంస్థ పీపుల్స్‌వార్ అలిపిరి దగ్గర మందుపాతరలు పేల్చింది. ఏడాది తిరిగేసరికి, 2004 అక్టోబరులో, అప్పటికి మావోయిస్టు పార్టీలో కలిసిన అదే సంస్థ నాయకులు హైదరాబాదులో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్నారు. ఆ సంస్థలోని వారికి అప్పట్లో బయటపడే దారులు రెండు కనిపించేవి: దళ సభ్యుడు ఒక్కడే వచ్చి లొంగిపోవడం, లేదా నాయకత్వమే ఒప్పందం కుదుర్చుకొని అందరిచేత ఆయుధాలు దింపించడం.

ఒక్కరిగా వచ్చేవారి కారణాలు చాలావరకు సిద్ధాంతానికి సంబంధించినవి కావు. నాయకుల మాటకూ నడతకూ పొంతన లేకపోవడం, ఇన్‌ఫార్మరన్న అనుమానంతో ఊరివాణ్నో తోటి సభ్యుణ్నో చంపమనడం, అడవిలో ముదిరిన జబ్బు, పెళ్లి, ఇంటి దగ్గర ముసలి తల్లిదండ్రులు మనిషిని మెల్లమెల్లగా బయటికి లాగుతాయి. భూమి గురించీ పేదల గురించీ తాను నమ్మినదాన్ని అలాగే నమ్ముతూ తుపాకీని మాత్రం వదిలేసే మనిషి ఉండగలడు. హింస నుంచి తప్పుకోవడం వేరు, భావజాలం మారడం వేరు అని జాన్ హోర్గన్ వంటి పరిశోధకులు చెప్పింది ఇదే. నార్వేలో 1997లో మొదలైన ఎగ్జిట్ కార్యక్రమం నియో నాజీ ముఠాల్లోని కుర్రవాళ్లను వెనక్కి తేవడానికి వారి తల్లిదండ్రులను కూడగట్టింది. ఈ దారిలోని గొప్ప మేలు ఏమిటంటే, నాయకుడి అనుమతి కోసం ఎవరూ ఆగనక్కరలేదు.

అయితే ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. లొంగినవాడిచేత పాత సహచరుల ఆచూకీ చెప్పించుకోవాలని పోలీసులు చూస్తారు. చెప్పినవాడు తన వాళ్ల దృష్టిలో ద్రోహి అవుతాడు, ప్రాణభయంతో బతుకుతాడు, ఆ భయాన్ని చూసి రావాలనుకున్న మరొకడు ఆగిపోతాడు. ఈ చిక్కుకు ఇటలీ చూపిన పరిష్కారం నాకు ఎంతో నచ్చుతుంది. 1982లో అక్కడ చేసిన చట్టం సహచరుల వివరాలు చెప్పి సహకరించినవారికి శిక్ష బాగా తగ్గించింది. 1987 నాటి మరో చట్టం, ఎవరి పేరూ చెప్పకపోయినా, తన నేరాలను ఒప్పుకొని హింసను విడనాడినట్లు ప్రకటించినవారికీ శిక్ష తగ్గించింది.

ఒప్పందం దారిలో ద్రోహి అన్న మాట చాలావరకు పుట్టదు. 1966లో మొదలైన మిజో తిరుగుబాటు 1986 జూన్ 30 నాటి ఒప్పందంతో ముగిసి, తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగా మిజోరం ముఖ్యమంత్రి అయ్యారు. కానీ ఇది ఇరుపక్షాల మీద ఆధారపడిన దారి. మన రాష్ట్రంలో చర్చలు ఆయుధాలతో ఊళ్లలో తిరగడంపై తెగని పేచీతో నీరుగారగా, 2005 జనవరిలో మావోయిస్టులు వైదొలిగారు. కాల్పులు మళ్లీ మొదలయ్యాయి.

2025 అక్టోబరులో జరిగింది ఈ రెండింటికీ నడిమి దారి. మావోయిస్టు అగ్రనేతల్లో మల్లోజుల వేణుగోపాలరావు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో 60 మందితోనూ, ఆ వెంటనే తక్కళ్లపల్లి వాసుదేవరావు ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్‌లో రెండు వందల మందికి పైగా సభ్యులతోనూ బయటికి వచ్చారు. ఒప్పందమేదీ లేదు, పార్టీ వారిని ద్రోహులని నిందించింది. అయినా అంతమంది కలిసి రావడంతో ఒక్కొక్కరి మీద పడే నింద బరువు తగ్గింది.

కుదిరే చోట ఒప్పందమే మేలని నా అభిప్రాయం. అది కుదిరేదాకా ఒక్కరిగా వచ్చేవారికి తలుపు మూయకూడదు. ఆ తలుపు దగ్గర ఇప్పుడున్న షరతులను మాత్రం మార్చాలి: తలపై ప్రకటించిన రివార్డు సొమ్మును లొంగినవారికే ఇవ్వడం మంచిదే గాని, అంతకన్నా ముందు పాత కేసులు త్వరగా తేలాలి, సహచరుల పేర్లు చెప్పాలన్న ఒత్తిడి పోవాలి, చిత్తూరు పల్లెకు తిరిగి వచ్చినవాడు ప్రతి బందోబస్తుకూ స్టేషనులో హాజరు వేయించుకోవలసిన స్థితి ఉండకూడదు.