డాబానా, వసారానా? అలాస్కా క్రూజ్‌లో మా రెండు బాల్కనీలు

మూడో రోజు పొద్దున్నే టీ పట్టుకుని మా బాల్కనీలోకి వచ్చి కిందికి తొంగిచూశాను. రెండంతస్తుల కింద నాన్న లుంగీ ఎగ్గట్టి సూర్య నమస్కారాలు చేస్తున్నారు. సూర్యుడి జాడ లేదు, సన్నగా తుంపర పడుతోంది. మా పక్క బాల్కనీలో ఒక పెద్దావిడ కూడా రెయిలింగ్ మీదికి వంగి ఆయన్నే చూస్తోంది. నా వైపు తిరిగి నవ్వుతూ బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆయన మా నాన్నేనని చెప్పలేదు నేను.

మేము సియాటిల్ పక్కన బోథెల్‌లో ఉంటాం. ఇక్కడ తెలుగువాళ్ళ ఇళ్ళకి వేసవిలో అమ్మానాన్నలు వస్తే చూపించే వరస ఒకటుంది: మౌంట్ రెయినియర్, లెవెన్‌వర్త్, రెండో ఏడు వస్తే అలాస్కా క్రూజ్. విమానం ఎక్కే పని లేదు. ఇంటి నుంచి కారులో సియాటిల్‌లోని పియర్ 91 అనే ఓడరేవుకి వెళ్ళి, సూట్‌కేసులు అప్పజెప్పి షిప్పు ఎక్కేయడమే. మాది జూన్ ప్రయాణం, ఏడు రాత్రులు. కెచికాన్, జూనో, స్కాగ్వే, గ్లేసియర్ బే, తిరుగుదారిలో కెనడాలో విక్టోరియా. ఆ విక్టోరియా కోసం అమ్మానాన్నలకి కెనడా వీసా ముందే తీయించాం. కొన్ని గంటలు ఆగే ఊరికి వీసా ఏమిటని నాన్న గొణిగారు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. దాని ప్రకారం విదేశీ జెండా ఉన్న షిప్పు అమెరికాలో బయలుదేరి మళ్ళీ అమెరికాలోనే దింపాలంటే మధ్యలో ఒక పరాయి దేశపు రేవుని తాకి రావాలి. వాళ్ళ చట్టానికి మన వీసా ఫీజు అన్నమాట.

గదుల బుకింగ్ మా ఆయన ఒక ఏజెంట్ ద్వారా చేశారు. మాకూ, తొమ్మిదేళ్ళ మా వాడికీ మామూలు బాల్కనీ క్యాబిన్. అమ్మానాన్నలకి మినీ సూట్. "పెద్దవాళ్ళకి బాగుంటుందండీ, సోఫా ఉంటుంది, బాత్‌టబ్ ఉంటుంది, బాల్కనీ మీ దానికి దాదాపు రెండింతలు" అన్నాడు ఏజెంట్. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. ఆ బాల్కనీకి పైకప్పు లేదన్న సంగతి మాత్రం అతను చెప్పలేదు, మేము అడగలేదు. బాల్కనీకి పైకప్పు ఉండదని ఎవరికి తోస్తుంది?

షిప్పుని దూరంగా పక్క నుంచి చూస్తే తెలుస్తుంది దీని మర్మం. కొన్ని షిప్పుల పక్క భాగం నిలువుగా ఉండదు, మెట్లు మెట్లుగా ఉంటుంది. కింది అంతస్తు బాల్కనీలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటి పైన ఆకాశమే. పై అంతస్తులవి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి కాబట్టి ఒకరి బాల్కనీ నేల ఇంకొకరికి పైకప్పు. ప్రిన్సెస్ అనే క్రూజ్ కంపెనీ వారి గ్రాండ్ క్లాస్ షిప్పులు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. వాటిలో డాల్ఫిన్ డెక్ అనే అంతస్తులోని మినీ సూట్ల బాల్కనీలు పూర్తిగా తెరిచి ఉంటాయి, దాని పైనున్న కరీబ్ డెక్ బాల్కనీలకి సగం మూత, ఇంకా పైనున్న బాహా డెక్‌లో పూర్తి మూత. చాలా కంపెనీల షిప్పుల్లో మధ్యభాగం బాల్కనీలకి పైకప్పు ఉంటుంది. వెనక కొసన మెట్లుగా కట్టిన క్యాబిన్లకి మాత్రం సగమో పావో తెరిచి ఉండడం కనిపిస్తుంది.

మొదటి సాయంత్రం అసలు ఇబ్బందే తెలియలేదు. ఎండ కాస్తోంది, వెనక స్పేస్ నీడిల్ చిన్నదైపోతోంది, ఎదురుగా ఒలింపిక్ కొండల మీద ఇంకా మంచు. అయిదుగురమూ అమ్మ వాళ్ళ బాల్కనీలోనే కూర్చున్నాం. నాలుగు కుర్చీలు వేసినా మా వాడు అటూ ఇటూ పరిగెత్తడానికి చోటు మిగిలింది. నాన్న ఓసారి పైకి మా గదికొచ్చి చూసి తేల్చేశారు: "మాది డాబా, మీది వసారా." కాకినాడ మనిషి, సముద్రం ఆయనకి కొత్త కాదు. డాబా మీద పడుకునే అలవాటు కూడా ఆయనకి పోలేదు.

రెండో రోజు ఏ ఊరూ లేదు. వాంకోవర్ దీవికి పడమటి పక్క అడ్డేమీ లేని సముద్రం. షిప్పు 20 నాట్ల వేగంతో పోతుంటే, అసలు గాలి లేని రోజున కూడా గంటకి 37 కిలోమీటర్ల గాలి మొహాన కొడుతుంది. ఆ రోజు గాలి ఉంది కూడా. అమ్మ పొద్దున్నే స్నానం చేసి తడి చీర రెండు కుర్చీల మీద పరిచింది. డాబా అన్నాక బట్టలు ఆరేయాలి కదా. పావుగంటలో గది చూసే అబ్బాయి తలుపు కొట్టి, ఎంతో వినయంగా, బయట ఏమీ ఆరేయకూడదని చెప్పాడు. అప్పటికే ఒక చిన్న తువ్వాలు పసిఫిక్ పాలైంది. అది మనదో వాళ్ళదో అని అమ్మ రెండు రోజులు టెన్షన్ పడింది. బిల్లులో దాని ఊసు రాలేదు లెండి.

మూడో రోజు కెచికాన్. ఏడాదికి 3,500 మిల్లీమీటర్లకు పైనే వాన పడే ఊరు. హైదరాబాద్‌లో 800 దాకా పడుతుందనుకుంటే లెక్క మీకే తెలుస్తుంది. ఊళ్ళో క్రీక్ స్ట్రీట్ చెక్క వంతెనల మీద గొడుగులేసుకుని తిరిగాం, టోటెమ్ స్తంభాలు చూశాం. షిప్పుకి తిరిగొచ్చాక, సాయంత్రం అమ్మ వాళ్ళ బాల్కనీ తలుపు తీసి చూస్తే కుర్చీల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. తువ్వాలుతో తుడిచి కూర్చుంటే అయిదు నిమిషాల్లో మళ్ళీ తడి. ఇద్దరూ పైకి మా వసారాలోకి వచ్చేశారు.

మా బాల్కనీలో ఉన్నవి రెండు కుర్చీలు, మోకాలెత్తు బల్ల. అమ్మానాన్నలు కుర్చీల్లో, నేను గడప మీద, మా వాడు నా ఒళ్ళో. మా ఆయన లోపల మంచం చివర కూర్చుని అందరికీ చేగోడీలు అందిస్తూ. వాన ఏటవాలుగా కొడితే పైకప్పు ఉన్నా సగం బాల్కనీ తడుస్తుంది. ఆ మాట కూడా చెప్పాలి. కానీ కుర్చీలు అద్దానికి ఆనించి వేసుకుంటే మీద చుక్క పడలేదు. అలా రెండు గంటలు కూర్చున్నాం. కొండలు మబ్బులోకి పోయి వస్తున్నాయి. ఉన్నట్టుండి నాన్న "అదిగో, అదిగో" అని లేచారు. నీళ్ళ మీద ఆవిరి చిమ్మినట్టు ఒక తెల్లటి కుచ్చు లేచింది, ఆ వెనకే నల్లటి వీపు, కాసేపటికి తోక. హంప్‌బ్యాక్ తిమింగలం. తర్వాత జూనోలో డబ్బిచ్చి తిమింగలాల పడవ ఎక్కినవాళ్ళు చెప్పింది విన్నా నాకు అసూయ కలగలేదు.

నాన్న సూర్య నమస్కారాల సంగతికొస్తే, ఆ మధ్యాహ్నమే ఆయనకి చెప్పాను, పై నాలుగు అంతస్తుల వాళ్ళకీ మీరు కనిపిస్తున్నారని. "చూస్తే చూడనీ, వాళ్ళకీ ఆరోగ్యమే" అన్నారు. అమ్మ మాత్రం అంత తేలిగ్గా తీసుకోలేదు. నైటీలో జడ విప్పుకుని కూర్చున్న తనని ఎవరెవరు చూశారో అని లెక్కేసుకుని, ఆ తర్వాత శాలువా కప్పుకోకుండా బయటికి రాలేదు. గది అద్దెలో ఎక్కువ డబ్బు పోసింది ఏకాంతం కోసమని మేము అనుకున్నాం. పైకప్పు లేని బాల్కనీలో అది ఉండదు. ఒక పూట పైన బాల్కనీలు కడుగుతున్నప్పుడు ఆ నీళ్ళూ వాళ్ళ మీదే కారాయి.

జూనో, స్కాగ్వేల్లో బాల్కనీతో పని పడలేదు. షిప్పు రేవులో కట్టేసి ఉంటే కనిపించేది సిమెంటు దిమ్మో, పక్క షిప్పువాళ్ళ బాల్కనీలో. జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదం దాకా బస్సులో వెళ్ళొచ్చాం. స్కాగ్వేలో వైట్ పాస్ రైలు, 1898లో మొదలుపెట్టి 1900 నాటికి కొండలు తొలిచి వేసిన లైను. నాన్న మోకాళ్ళకి ఇంతకన్నా మంచి విహారం లేదు, కూర్చున్న చోటే కొండ ఎక్కేయవచ్చు.

గ్లేసియర్ బే రోజున లెక్కంతా తారుమారైంది. ఈ నేషనల్ పార్కులోకి రోజుకి రెండు క్రూజ్ షిప్పుల్నే రానిస్తారు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి షిప్పెక్కి, మైకులో చెబుతూ వస్తారు. పది దాటాక మంచు తెర విడిపోయి ఎండ వచ్చింది. 1794లో కెప్టెన్ వాంకోవర్ మనుషులు వచ్చినప్పుడు ఈ అఖాతం దాదాపు అంతా మంచుగడ్డేనట. ఇప్పుడు ఆ మంచు అంచు చూడాలంటే సుమారు 100 కిలోమీటర్లు లోపలికి రావాలి. అది విని నాన్న, "మా ఉప్పాడలో సముద్రం ముందుకొస్తోంది, ఇక్కడ మంచు వెనక్కి పోతోంది" అని ఊరుకున్నారు.

మార్జరీ హిమానీనదం ముందు షిప్పు ఆగింది. మైలు వెడల్పు, నీటి మీద 250 అడుగుల ఎత్తు, నీలం చారలున్న గోడ. రెండు పక్కల వాళ్ళూ చూడాలని షిప్పుని మెల్లగా గుండ్రంగా తిప్పుతారు, కాబట్టి కుడి పక్క గదా ఎడమ పక్క గదా అని ఇక్కడ బాధపడక్కర్లేదు. మా బాల్కనీలో కుర్చీలో కూర్చుంటే పైకప్పు అంచు సరిగ్గా కొండ భుజం దగ్గర చూపుని కోసేస్తోంది. శిఖరం చూడాలంటే లేచి రెయిలింగ్ దాకా వెళ్ళి మెడ ఎత్తాలి. కింద అమ్మ వాళ్ళ దగ్గర ఆ గొడవ లేదు. దుప్పట్లు కప్పుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంటే నీళ్ళ నుంచి ఆకాశం దాకా అంతా ఒకే చూపులో. మొహం మీద ఎండ. ఒక గడ్డ విరిగి నీళ్ళలో పడింది. ముందు అది జారడం చూశాం, ఒక లిప్త ఆగి ఉరుము వినిపించింది. ఈ సారి అందరం కిందికే చేరాం. ఆ గంటసేపు మినీ సూట్‌కి ఇచ్చిన డబ్బు గుర్తు రాలేదు.

వెలుతురు విషయంలో కూడా వాళ్ళ గదిదే పైచేయి. మా గదిలో పట్టపగలు కూడా లైటు వేస్తే గానీ సూట్‌కేసులో సాక్సు దొరకలేదు. వాళ్ళ గదిలో వెనక గోడ దాకా వెలుగే. కాకపోతే జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి పదింటి దాకా ఉండి, తెల్లవారుజామున నాలుగు కాకుండానే వచ్చేస్తాడు. కర్టెను సందులోంచి వెలుగొస్తే చాలు, అమ్మ లేచి కూర్చునేది.

గొప్పగా చెప్పిన బాత్‌టబ్ దండగ. స్నానం చేయాలంటే టబ్ గోడ దాటి కాలు లోపల పెట్టాలి. షిప్పు ఊగుతున్న రోజున అమ్మ ఆ పని చేయలేక మా గదికొచ్చి స్నానం చేసింది. మా స్నానాల గది ఇరుకే, తెర ఒంటికి అంటుకుంటుంది, అయినా గట్టు చిన్నది, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. పెద్దవాళ్ళకి గది తీసుకునేటప్పుడు బాల్కనీ కన్నా ముందు అడగాల్సింది ఇదేనేమో.

భోజనం గురించి అందరూ అడుగుతారు కాబట్టి: మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌కి చెబితే రోజూ రాత్రికి పప్పు, ఒక కూర, చపాతీలు చేయించారు. ముందురోజు చెప్పాలి, అంతే. రైస్ కుక్కర్, కరెంటు కెటిల్ తీసుకెళ్ళకండి, ఎక్కేటప్పుడే పట్టుకుంటారు. మా ముందు వరసలో ఒక కుటుంబం కుక్కర్ అప్పజెప్పి రసీదు తీసుకోవడం చూశాం.

ఇంతకీ ఏది తీసుకోవాలి? అలాస్కాకి, అందులోనూ పెద్దవాళ్ళతో, పైకప్పు ఉన్నదే. నా వాదన చాలా సులువు. తెరిచిన ఆకాశం షిప్పులో అందరికీ ఉచితం. పై డెక్కు మీదికి వెళితే ఎటు చూసినా అదే. వాన పడుతున్నప్పుడు నైటీలో, చేతిలో టీతో, ఎవరి కంటా పడకుండా కూర్చునే చోటు మాత్రం ఇంకెక్కడా దొరకదు. దానికి డబ్బు పెట్టొచ్చు. సగం మూత ఉన్నది దొరికితే ఇంకేం, గ్లేసియర్ బే కోసం కుర్చీ ముందుకి జరుపుకోవచ్చు, కెచికాన్ కోసం వెనక్కి. కాకపోతే అందులోనూ పై వాళ్ళ కళ్ళు ఉంటాయి. కరీబియన్ వైపు వెళ్ళేవాళ్ళకి తెరిచిన బాల్కనీ మంచిదని కొందరంటారు, నేను ఒప్పుకోను. మన మే నెల డాబా మీద మధ్యాహ్నం ఎవరు కూర్చుంటారు?

బుకింగ్‌లో "గ్యారంటీ" అని చవగ్గా ఇస్తామంటే, గది వాళ్ళ ఇష్టమని అర్థం. పైకప్పు కావాలనుకునేవాళ్ళు దాని జోలికి పోకూడదు. డెక్ ప్లాన్‌లో నంబరు చూసి, ఆ షిప్పు పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి వెతికి, లైఫ్‌బోట్ల నుంచి పైకి అంతస్తులు లెక్కపెట్టుకుంటే మీ వరస తెలిసిపోతుంది. పైకప్పు కోసమని మరీ పైకి పోయి, ఈత కొలను డెక్కు కింద పడకండి. తెల్లారకుండానే కుర్చీలు ఈడ్చే చప్పుడు నెత్తి మీదే.

వచ్చే వేసవిలో మా అత్తగారూ మామగారూ వస్తున్నారు. సగం మూత ఉన్న గది మొన్ననే ఖాయం చేశాం. ఆ మాట చెబుదామని కాకినాడకి ఫోన్ చేస్తే నాన్న ధర అడగలేదు, ఏ ఊళ్ళకి వెళుతున్నారో అడగలేదు. "ఎన్నో అంతస్తు అమ్మా? పైన ఎవరుంటారు?" అన్నారు.