కంబాలకొండా, కొండకర్ల ఆవా: పిట్టల కోసం ఏది మేలు?

వైజాగ్‌లో కొత్తగా బైనాక్యులర్ కొన్నవాళ్లు ముందు అడిగేది ఇదే, ఆదివారం పొద్దున్నే కంబాలకొండ అడవికి వెళ్లాలా, కొండకర్ల ఆవకి (మంచినీటి సరస్సు) వెళ్లాలా అని. ఎక్కువ పిట్టలు కనబడాలంటే ఆవే, అందులో వాదనే లేదు. కానీ పిట్టల్ని పోల్చుకోవడం నేర్చుకోవాలనుంటే నేను కంబాలకొండే అంటాను.

ఆవ సంగతి ముందు తేల్చేద్దాం. అచ్యుతాపురం దగ్గర, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్తే వలస బాతులు, నత్తగుల్ల కొంగలు, నీలి బొల్లికోళ్లు, తామరాకుల మీద నడిచే జకానాలు, అన్నీ ఎదురుగానే. దోనె ఎక్కితే ఇంకా దగ్గర, కాకపోతే బాతుల గుంపు మీదికి తోలమని దోనె నడిపే అతన్ని తొందరపెట్టకండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకెళ్లేవాళ్లు వేరే ఆలోచన పెట్టుకోనక్కర్లేదు. ఎండెక్కాక మాత్రం నీడ దొరకదు.

కంబాలకొండ అలా కాదు. జూ పార్కు దగ్గర, హైవే పక్కనే దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి, 2002లో అభయారణ్యం అయింది. సముద్రానికి ఇంత దగ్గరలో, ఊరు చుట్టూ ముసురుకుంటున్నా ఇంకా ఇలా మిగిలుండటమే గొప్ప, నన్నడిగితే. ఇక్కడ పిట్ట ముందు వినబడుతుంది, తర్వాత కనబడుతుంది, ఒక్కోసారి అస్సలు కనబడదు. ఎంతసేపు నిలబడ్డా ఏమీ ఉండదు, విసుగొచ్చి కదలబోతుంటే నాలుగైదు రకాల చిన్న పిట్టలు ఒక్క గుంపుగా వచ్చి కొమ్మకొమ్మా గాలించేస్తాయి, వాటి అలికిడికి లేచిన పురుగుల్ని పట్టుకోడానికి వెనకాలే ఏట్రింత పిట్ట. ఆ కాసేపట్లో దేన్ని చూడాలో తెలీక టెన్షన్ పడతాం! పొన్నంగి పిట్టయితే ఒంటినిండా రంగులున్నా నేల మీద ఎండుటాకుల్లో కలిసిపోతుంది, తెల్లారేటప్పుడూ పొద్దుగూకేటప్పుడూ వేసే రెండు ముక్కల ఈలే దాని ఆచూకీ. మెర్లిన్ యాప్ కూత విని పేరు చెప్పేస్తుంది నిజమే, అయితే అది చెప్పింది కదా అని మీరు పోల్చుకోనిదాన్ని ఈబర్డ్ (చూసిన పిట్టల్ని నమోదు చేసే సైటు) లిస్టులోకి ఎక్కించేయకండి. ఫోన్లో కూత పెట్టి పిట్టని బయటికి రప్పించడం ఇంకా అన్యాయం, గూడు కట్టే రోజుల్లో అయితే మరీను.

బైనాక్యులర్ ఇంకా కొనకపోతే 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) తీసుకోండి. అడవిలో వెలుతురు తక్కువ, పిట్ట దగ్గరగా ఉంటుంది, ఉన్నచోట ఉండదు, కాబట్టి చుట్టూ ఎక్కువ మేర కనబడాలి. 10×42 ఆవలో పనికొస్తుంది గానీ తుప్పల్లో చెయ్యి వణికి చంపేస్తుంది.

కోరింగ మడ అడవుల సంగతేంటని అడుగుతారు కొందరు. బ్రహ్మాండమే, కానీ అది కాకినాడ దగ్గర, ఆటుపోట్ల టైము చూసుకుని వెళ్లాలి, ఆదివారం పొద్దున్న వెళ్లి టిఫిన్ టైముకి వచ్చేసే పని కాదు.

కంబాలకొండకే వెళ్తే గేటు ఎన్నింటికి తీస్తారో ముందురోజే కనుక్కోండి. చిరుతలున్న అడవి, తోడు లేకుండా దారి దిగి లోపలికి వెళ్లొద్దు.