పాత ఎంఎక్స్-5లో హైవే అదురు పట్టుకోవడానికి ఫోన్ సెన్సర్ ఎంతవరకు పనికొస్తుంది? చాలాకాలం వాడాక సమీక్ష

పైకప్పు మడిచే రెండు సీట్ల కారు మజ్దా ఎంఎక్స్-5. అందులో మొదటి తరం కారు నడిపేవాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. 90 దాకా కారు నున్నగా వెళ్తుంది. 100 దాటగానే సీటు కింద సన్నగా అదురు మొదలై, 110 దగ్గర గేర్ లివర్‌లోకి, అద్దంలోకి పాకుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే ముందు వీల్ బ్యాలెన్సింగ్ అంటారు. తగ్గకపోతే టైర్లు, అప్పటికీ పోకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక్కి శక్తిని తీసుకెళ్ళే తిరిగే గొట్టం), ఆ తర్వాత ఇంజిన్ మౌంట్లు. ఒక్కో పార్టూ మారుతూ ఉంటుంది, అదురు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

నేను సమీక్షిస్తున్నది ఫోన్‌లో కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ సెన్సర్‌నీ, దాని మీద నడిచే ఉచిత వైబ్రేషన్ యాప్‌లనీ. ఏ యాప్ అయినా ఒకటే, ఎఫ్‌ఎఫ్‌టీ గ్రాఫ్ (సెకనుకి ఎన్నిసార్లు వచ్చే అదురు ఎంత బలంగా ఉందో శిఖరాలుగా చూపే గ్రాఫ్) చూపిస్తే చాలు. ఏ పార్టు పోయిందో ఇది చెప్పదు. అదురు ఏ వేగంతో తిరిగే వస్తువు నుంచి వస్తోందో చెప్తుంది. దాంతో కారు ఎత్తకముందే అనుమానితుల్లో సగానికి పైగా పక్కకి పోతారు. అయితే ఇందులో ఒక పెద్ద గొయ్యి ఉంది. అది తెలియకుండా వాడితే షాఫ్ట్ తప్పుకి టైర్లు కొంటారు.

ముందు లెక్క. ఇక్కడి అంకెలు 1.6 ఇంజిన్, 5 గేర్ల మాన్యువల్, 4.3 నిష్పత్తి డిఫరెన్షియల్ (షాఫ్ట్ తిరుగుడును వెనక చక్రాలకి పంచే గేర్ల పెట్టె), 185/60ఆర్14 టైర్లు ఉన్న కారువి. ఈ టైరు ఒక్క చుట్టుకి సుమారు 1.76 మీటర్లు పోతుంది. అంటే 110 కి.మీ. వేగంలో చక్రం సెకనుకి 17.4 చుట్లు, అంటే 17.4 హెర్ట్జ్. దాన్ని 4.3తో గుణిస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ 74.7 హెర్ట్జ్. 5వ గేరు నిష్పత్తి 0.814 కాబట్టి ఇంజిన్ 60.8 హెర్ట్జ్, అంటే దాదాపు 3,650 ఆర్‌పీఎం. 4వ గేరు 1:1. అందులో ఇంజిన్, షాఫ్ట్ ఒకే వేగంతో తిరుగుతాయి. షాఫ్ట్ రెండు కొసల్లో ఉండే కీళ్ళ (క్రాస్ జాయింట్ల) కోణాల తేడా వల్ల వచ్చే అదురు షాఫ్ట్ వేగానికి రెట్టింపు, 149 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 195/50ఆర్15 వేసుకున్నా టైరు వ్యాసం దాదాపు అంతే కాబట్టి లెక్క పెద్దగా మారదు. 1.8 కార్లలో డిఫరెన్షియల్ వేరు, గుణకం మార్చుకోవాలి. వేగం జీపీఎస్‌తో చూడాలి, స్పీడోమీటరు కాస్త ఎక్కువ చూపిస్తుంది.

ఫోన్ పెట్టే చోటు మీద చాలామంది శ్రద్ధ పెట్టరు. డాష్‌బోర్డు మీదా, చార్జర్ హోల్డర్‌లోనూ పెడితే ఆ ప్లాస్టిక్ సొంత ఊగిసలాటే రికార్డవుతుంది. సీటు పట్టాలు బోల్టు అయ్యే నేల దగ్గర, కార్పెట్ తప్పించి, రేకు మీద రెండువైపులా అంటుకునే టేపుతో ఫోన్‌ను గట్టిగా అతికించాలి. చదునైన రోడ్డు మీద వేగం స్థిరంగా పట్టి 20 సెకన్లు రికార్డు చేయాలి. వేగం ఒక్క కి.మీ. జరిగినా షాఫ్ట్ శిఖరం 0.7 హెర్ట్జ్ జరుగుతుంది, గ్రాఫ్ అలుక్కుపోతుంది. యాప్ చూసే పని పక్క సీటులో కూర్చున్నవాళ్ళది. నడిపే మనిషి ఫోన్ వైపు తిరగకూడదు.

ఇప్పుడు ఆ గొయ్యి సంగతి. చాలా ఫోన్లలో యాప్‌కి అందేది సెకనుకి 100 రీడింగులే. ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రత్యేక అనుమతి అడగని యాప్‌లకి 200 దాటనివ్వరు. సెకనుకి 100 రీడింగులతో నిజంగా కొలవగలిగేది 50 హెర్ట్జ్ వరకే. అంతకు మించిన అదురు మాయమైపోదు, మడతపడి కింద ఇంకోచోట కనిపిస్తుంది. 74.7 హెర్ట్జ్ షాఫ్ట్ అదురు 25.3 దగ్గర శిఖరంగా లేస్తుంది. అది చక్రం అంకెల పక్కనే ఉంటుంది కాబట్టి "ఇంకేముంది, టైరే" అనిపిస్తుంది. సెన్సర్ లోపలి ఫిల్టర్లు దీన్ని కొంత తగ్గించినా తుడిచేయలేవు.

దీన్ని పట్టుకునే కిటుకు తేలిక. ఒకసారి 100 దగ్గర, ఒకసారి 110 దగ్గర రికార్డు చేయండి. నిజమైన చక్రం శిఖరం 15.8 నుంచి 17.4కి పెరుగుతుంది. మడతపడిన షాఫ్ట్ శిఖరం మాత్రం 32 నుంచి 25కి దిగుతుంది. వేగం పెరుగుతుంటే కిందికి జారే శిఖరం కనిపించిందంటే అది దొంగ శిఖరమే. అప్పుడు యాక్సిలరోమీటర్ పక్కన పెట్టి, మైకుతో పనిచేసే స్పెక్ట్రమ్ యాప్ తెరవండి. మైకు సెకనుకి వేల రీడింగులు తీస్తుంది కాబట్టి 75, 149 హెర్ట్జ్ బూమ్ ఉన్నచోటే కనిపిస్తుంది. కారు టాప్ (మడిచే పైకప్పు) వేసి ఉంచాలి, లేకపోతే గాలి మోతలో అంతా కొట్టుకుపోతుంది. ఈ రెండూ కలిపి వాడితేనే పద్ధతికి పూర్తి మార్కులు. యాక్సిలరోమీటర్ ఒక్కటే అయితే సగమే.

అంకె దొరికాక రోడ్డు మీద మూడు పరీక్షలు చాలు. 110 దగ్గర న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజిన్‌ను ఐడిల్‌కి పోనివ్వండి. అదురు అలాగే ఉంటే చక్రాలు గానీ షాఫ్ట్ గానీ. ఆగిపోతే ఇంజిన్, క్లచ్, లేదా లోడ్ పడితేనే పలికే జాయింట్. రెండోది, అదే వేగంలో 4వ గేరు. అదురు స్థానం మారకపోతే ఇంజిన్‌ది కాదు. మూడోది, యాక్సిలరేటర్ నొక్కుతూ ఒకసారి, పూర్తిగా వదిలి ఒకసారి. నొక్కినప్పుడు మాత్రమే 52 హెర్ట్జ్ దగ్గర లేస్తే వెనక ఇరుసుల లోపలి జాయింట్లు చూడాలి. అందులో మూడు రోలర్లుంటాయి కాబట్టి అదురు చక్రం వేగానికి మూడింతలు వస్తుంది.

చక్రం అంకె తేలితే పెద్ద కథ లేదు. బయట కొన్న అలాయ్ చక్రాల మధ్య రంధ్రం ఈ కారు హబ్‌కున్న 54.1 మి.మీ. కంటే పెద్దదై, మధ్యలో రింగు లేకపోతే మెషీన్ మీద సున్నా చూపించిన చక్రం కారు మీద పక్కకి కూర్చుంటుంది. 34.8 దగ్గర, అంటే రెట్టింపులో శిఖరం ఉంటే చక్రమో టైరో కోడిగుడ్డు ఆకారంలో ఉంది. దాన్ని సీసం ముక్కలు సరిచేయలేవు. వారాల తరబడి నిలబెట్టిన కారులో టైరుకి అడుగున చదును పడుతుంది, 15–20 కి.మీ. నడిచి వేడెక్కాకే కొలవండి. అదురు ప్రతి వంపు తర్వాత హెచ్చుతగ్గులవుతుంటే కనీసం రెండు చక్రాల్లో తప్పుంది. వంపులో ఒకటి ఎక్కువ తిరిగి, రెండింటి బరువు స్థానాలు మారిపోతాయి.

ఇంజిన్ అంకె అయితే కారు నిలబెట్టి 3,650 దగ్గర పట్టి చూడండి, నిలబడే అదురుతుంది. అలాగే పట్టి క్లచ్ తొక్కండి. ఆగిపోతే క్లచ్ డిస్కు, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ వైపు చూడాలి. ఆగకపోతే ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్, ముందు పుల్లీ. 1990, 91 తొలినాళ్ళ కార్లలో క్రాంక్ ముక్కు (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్‌లో పుల్లీ బిగించే ముందు కొస) పొట్టిది, పుల్లీ మీద 4 గాట్లుంటాయి (తర్వాతి వాటిలో 8). ఆ పొట్టి ముక్కు మీద పుల్లీ జారకుండా పట్టే గాడి (కీవే) అరిగితే పుల్లీ ఊగుతుంది. అదే గనక కారణమైతే బ్యాలెన్సింగ్ గురించి మరిచిపోండి, ముందు క్రాంక్ సంగతి తేల్చాలి.

షాఫ్ట్ అంకెలు తేలినప్పుడే ఈ కారు ప్రత్యేకత బయటపడుతుంది. ఎంఎక్స్-5లో గేర్‌బాక్స్‌కి సొంత మౌంట్ లేదు. దాని తోక నుంచి డిఫరెన్షియల్ దాకా పీపీఎఫ్ అనే అల్యూమినియం దూలం బిగించి ఉంటుంది. గేర్‌బాక్స్ వెనక కొస దాని మీదే వేలాడుతుంది. క్లచ్ మార్చాలంటే దీన్ని విప్పక తప్పదు. మళ్ళీ బిగించేటప్పుడు జాకీ ఎక్కడ ఆనింది, గేర్‌బాక్స్ ఎంత ఎత్తులో ఉంది అన్నది చూసుకోకుండా బోల్టులు లాగేస్తే గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ రెండూ సమాంతరం తప్పుతాయి. క్లచ్ పని అయ్యాకే హైవే అదురు మొదలైందంటే, 149 హెర్ట్జ్ శిఖరం కూడా కనిపిస్తుంటే, నా అనుమానం మొదట దీని మీదే. కొత్త షాఫ్ట్ వేసినా ఇది పోదు.

కొలవడానికి డిజిటల్ యాంగిల్ గేజ్ కావాలి. కారు తన బరువు తన చక్రాల మీద వేసుకుని నిలబడాలి, ర్యాంపుల మీద అయినా సరే. సస్పెన్షన్ వేలాడుతుంటే కొలవకూడదు. డిఫరెన్షియల్ ఫ్లాంజ్ (షాఫ్ట్ బోల్టు అయ్యే బిళ్ళ) ముఖం ఒక రీడింగు, షాఫ్ట్ గొట్టం ఒకటి, ముందు క్రాంక్ పుల్లీ ముఖం ఒకటి. పుల్లీని అర చుట్టు తిప్పి మళ్ళీ కొలిచి సగటు తీసుకోండి. నిలువు ముఖాల రీడింగుల్ని 90 నుంచి తీసేసి, వచ్చిన ఒక్కో అంకెకీ షాఫ్ట్ గొట్టం రీడింగుకీ తేడా చూస్తే ముందు కోణం, వెనక కోణం వస్తాయి. రెండింటి మధ్య తేడా 1 డిగ్రీ లోపు ఉండాలి, ఏదీ 3 డిగ్రీలు దాటకూడదు. రెండు కోణాలూ సమానమైతే ఒక జాయింట్ తెచ్చే వేగపు హెచ్చుతగ్గుల్ని రెండోది రద్దు చేస్తుంది. లేకపోతే ప్రతి చుట్టుకీ రెండు కుదుపులు. సరిచేయడానికి పీపీఎఫ్ బోల్టులు వదులు చేసి, గేర్‌బాక్స్ తోక కింద జాకీ పెట్టి, చెక్క ముక్క మీదుగా కొద్దికొద్దిగా లేపుతూ, గేజ్ చూసుకుంటూ బిగించాలి. మాన్యువల్ చెప్పే బిగింపు 104–123 న్యూటన్ మీటర్లు. బిగించేటప్పుడు కోణం మళ్ళీ జరుగుతుంది, చివర్లో ఇంకోసారి కొలవాల్సిందే. ముందు ఇంజిన్ మౌంట్లు కుంగిపోయి ఉంటే అవి మార్చాకే ఈ పని, లేకపోతే రెండుసార్లు చేయాలి.

74.7 ఒక్కటే ఉండి 149 లేకపోతే షాఫ్ట్ బ్యాలెన్స్. ముందు డబ్బు ఖర్చు లేని పని: షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ గుర్తు పెట్టి, వెనక నాలుగు బోల్టులు విప్పి, షాఫ్ట్‌ను 180 డిగ్రీలు తిప్పి బిగించండి (27–30 న్యూటన్ మీటర్లు). అదురు మారిందంటే తప్పు షాఫ్ట్, ఫ్లాంజ్ రెండింటి మధ్య పంచుకుని ఉంది. తర్వాత గొట్టం వెనక కొస దగ్గర హోస్ క్లిప్పు ఒకటి బిగించి, దాని స్క్రూ తలను 90 డిగ్రీల చొప్పున నాలుగు చోట్ల పెట్టి నడపండి. ఒకచోట శిఖరం తగ్గితే బరువు ఎటు కావాలో తెలిసిపోయినట్టే. నడిపేముందు షాఫ్ట్‌ను చేత్తో పూర్తి చుట్టు తిప్పి, స్క్రూ తల పీపీఎఫ్‌కి తగలట్లేదని చూసుకోవాలి. క్లిప్పు పరీక్షకే, శాశ్వతం కాదు. తేలాక షాఫ్ట్‌ను బ్యాలెన్సింగ్ షాపుకి పంపండి. డయల్ గేజ్‌లో గొట్టం మధ్య ఊగు 0.4 మి.మీ. దాటితే క్లిప్పుల జోలికే పోను, నేరుగా పంపిస్తాను.

కారును స్టాండ్ల మీద పెట్టి గేర్‌లో నడిపి చూడటం మాత్రం నాకు నచ్చదు. వెనక చక్రాలు వేలాడితే ఇరుసుల కోణం మారి లేని అదురు వస్తుంది. లాకింగ్ లేని డిఫరెన్షియల్‌లో ఒక చక్రం ఆగితే రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది. తప్పదనుకుంటే కింది ఆర్మ్‌ల కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు విప్పి, నట్లతో డిస్కులు బిగించి, 80 దాటకుండా చూడండి.

ఖర్చు లెక్క చూస్తే యాప్‌లు ఉచితం, యాంగిల్ గేజ్ ఒక్కటే కొనాలి. మన బొలెరో, స్కార్పియో లాంటి వెనక చక్రాల బండ్లకీ ఇదే పద్ధతి పనిచేస్తుంది, డిఫరెన్షియల్ నిష్పత్తి, టైరు కొలత మార్చుకుంటే చాలు. రెండు ముక్కల షాఫ్ట్ ఉన్న బండిలో మధ్య బేరింగు రబ్బరు కూడా జాబితాలో చేరుతుంది. పనికిరాని సందర్భం ఒక్కటే, గతుకుల రోడ్లు మాత్రమే అందుబాటులో ఉన్నప్పుడు. రోడ్డు కుదుపులు 10–15 హెర్ట్జ్ మధ్య గ్రాఫ్ నిండా పరుచుకుని చక్రం శిఖరాన్ని మింగేస్తాయి. అలాంటప్పుడు కొత్తగా వేసిన రెండు కిలోమీటర్ల తారు ముక్క వెతుక్కుని, అక్కడే అటూ ఇటూ ఒక్కోసారి రికార్డు చేయండి.