లినక్స్ బ్యాకప్: టారా, డారా, ఆర్‌సింకా?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. విజయవాడలో లినక్స్ మీద లెక్కలు నడిపే చిన్న ఆఫీసులకు అందుకే గట్టిగా చెబుతున్నా: బ్యాకప్ డిస్కు కంప్యూటర్ పక్కన ఉంచొద్దు. గుంటూరులో చుట్టాలింట్లోనైనా పెట్టండి. ఇక దాన్ని దేనితో నింపాలి? టార్, డార్ ఫైళ్లన్నిటినీ ఆర్కైవ్‌గా మూటకట్టే ప్రోగ్రాములు, ఆర్‌సింక్ ఫోల్డర్లని ఉన్నవున్నట్టు కాపీ చేసేది.

మొత్తం సిస్టమ్‌కైతే నా ఓటు టార్‌కే. మెషిన్ బూట్ కాని రోజు చేతిలో ఉండేది ఏదో ఒక లైవ్ పెన్‌డ్రైవ్, అంటే మెషిన్ డిస్కు లేకుండానే నేరుగా లినక్స్ నడిపేది. అందులో టార్ ఉంటుంది, డార్ మామూలుగా ఉండదు. డార్ వాడేవాళ్లు దాని స్టాటిక్ ప్రోగ్రామ్‌ని (వేరే లైబ్రరీలు లేకుండా ఒంటరిగా నడిచేది) కూడా ఆర్కైవ్ పక్కనే దాచుకోవాలి.

అయితే టార్‌కి అన్నీ విడమరిచి చెప్పాలి. ప్రాక్, సిస్, డెవ్, రన్ ఫోల్డర్లలో ఉన్నవి సిస్టమ్ నడుస్తున్నప్పుడు అప్పటికప్పుడు పుట్టేవి, వాటిని వదిలేయమనాలి. ఏసీఎల్‌లు (ఫైలుని ఎవరు తెరవొచ్చో చెప్పే అదనపు జాబితాలు), ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు (ఫైలుకి తగిలించిన అదనపు వివరాలు) కావాలంటే ఆ ఆప్షన్లు ఇవ్వాలి, అడక్కపోతే తీసుకోదు. విప్పేటప్పుడు, సొంతదారుని పేరుతో కాక నంబరుతో గుర్తించే న్యూమరిక్ ఓనర్ ఆప్షన్ మరవద్దు. టార్ మామూలుగా యూజర్ పేరు చూస్తుంది. పెన్‌డ్రైవ్ సిస్టమ్‌లో ఆ పేరుకి వేరే నంబరు ఉంటే ఫైళ్లన్నీ ఇంకొకరి సొంతమైపోతాయి, సర్వీసులు లేవవు.

టార్‌తో అసలు ఇబ్బంది సైజు పెరిగినప్పుడే. జీజిప్‌తో కుదించిన పెద్ద ఆర్కైవ్‌లో ఒక్క ఫైలు కావాలన్నా మొదటి నుంచి చదువుకుంటూ రావాలి. మధ్యలో చెడితే ఆ తర్వాతది దాదాపు పోయినట్టే. డార్ ఏ ఫైలుకి ఆ ఫైలునే కుదిస్తుంది, చివర జాబితా పెట్టుకుంటుంది, ముక్కలుగా కోస్తుంది. పెళ్లి ఫొటోలు గుట్టలుగా ఉండే స్టూడియోలకి అదే మేలు.

ఆర్‌సింక్ రోజువారీ పనికి హాయి, మారినవే కాపీ చేస్తుంది. లినక్స్ ఫార్మాట్ అయిన ఎక్స్‌టీ4లో ఉన్న డిస్కు వాడాలి, పెన్‌డ్రైవ్‌లలో కనిపించే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్ అయితే పర్మిషన్లు నిలవవు. డిలీట్ ఆప్షన్ పెడితే ఇక్కడ పొరపాటున చెరిపింది అక్కడా చెరుగుతుంది, కాబట్టి అదొక్కటే నమ్ముకోకండి.

ఏది వాడినా, నడుస్తున్న మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఫైళ్లని నేరుగా కాపీ చేయొద్దు, ముందు డంప్ (డేటాని విడి ఫైలుగా రాయించడం) తీయండి. కొత్త డిస్కులోకి ఎక్కించాక యూయూఐడీలు, అంటే పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు, మారతాయి. ఎఫ్‌స్టాబ్ (పార్టిషన్ల జాబితా ఫైలు) సరిచేసి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో ఆ కొత్త సిస్టమ్‌లోకి వెళ్లి, మెషిన్‌ని బూట్ చేసే గ్రబ్‌ని మళ్లీ వేయాలి. ఇదంతా ఒకసారి వర్చువల్ మెషిన్‌లో చేసి చూడండి, అందులో లాగిన్ స్క్రీన్ వచ్చాకే డిస్కుని గుంటూరు పంపండి.